నీళ్లలోకి వదిలిన చేప బతుకుతుందా?

జూన్ నెలాఖరుకు నాలుగు వానలు పడి ఉద్దానం చెరువుల్లోకి కొత్తనీరు చేరిందంటే, బడి వదిలాక గట్ల మీద పిల్లలు బారులు తీరతారు. మనిషికి రెండింతల పొడవున్న వెదురు కర్ర, దాని కొసన నైలాన్ దారం, దారానికి నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, ఆ మట్టిలో ఎర్రలు. సరంజామా అంతే. బెండు ఒకసారి వణికి, పక్కకు జరిగి, గుటుక్కున మునుగుతుంది. కుర్రాడు కర్రను ఒక్క విసురున వెనక్కి లాగుతాడు. చేప వాడి తల మీదుగా ఎగిరి గట్టు మీది దుమ్ములో పడి కొట్టుకుంటుంది.

దగ్గరికెళ్లి చూస్తే అది పరిగె కాదు, గొరక కాదు. అరచేతి పొడవు కూడా లేని బొచ్చె పిల్ల.

"ఒరే, అది మొన్న చెరువులో ఏసిన పిల్లరా, ఒగ్గీ!" అని చింతచెట్టు కింది పెద్దాయన కేకేస్తాడు. కుర్రాడు దాన్ని దుమ్ములోంచి తీసి, గుప్పిట్లో గట్టిగా బిగించి, గాలం పీకి, నీళ్లలోకి విసురుతాడు. చేప ఒక్క క్షణం పక్కకు ఒరిగి, తోక విదిలించి లోపలికి పోతుంది.

"తాతా, అది బతుకుతాదేటి?"

"ఈదుకుంటూ ఎల్లిపోనాది కదా. బతక్కేటి?"

కుర్రాడి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు కోసం ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు నలభై ఏళ్లకు పైగా కష్టపడ్డాయి. పెద్దాయన జవాబు మాత్రం సగమే నిజం. కళ్ల ముందు ఈదుకుంటూ పోయిన చేప ఆ రాత్రికి చనిపోవచ్చు, వారానికి పుండు పడి చనిపోవచ్చు, నిక్షేపంగా పెరిగి మూడు కిలోల బొచ్చె కూడా కావచ్చు. ఈ మూడింట్లో ఏది జరిగేదీ చాలావరకు అది మనిషి చేతిలో ఉన్న అర నిమిషమే తేలుస్తుంది.

గెడ్డలు, చెరువులు, తంపరలు

మహేంద్రగిరి మీద పడిన వాన ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఉన్న ఈ నేలకు ప్రాణం. కొండ దిగిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణాన వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది. ఈ రెంటి నడుమ చిన్న చిన్న గెడ్డలు, గెడ్డల నీటితో నిండే చెరువులు, సముద్రం ఒడ్డుకు దగ్గరగా నీరు నిలిచే లోతట్టు నేలలు. టెక్కలి, సంతబొమ్మాళి వైపు వాటిని తంపర అంటారు. సోంపేట వైపు బీల అంటారు. కాగితాల్లో బంజరుగా కనబడే ఈ నేలలు ఊళ్లకు నీరిస్తాయి, మేతనిస్తాయి, చేపనిస్తాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని 2010లో సోంపేట రైతులు, మత్స్యకారులు, 2011లో కాకరాపల్లి చుట్టుపక్కల జనం పోలీసు కాల్పులకు ఎదురు నిలిచి పోరాడింది ఈ నేలల కోసమే.

చేపను పట్టి, ఫొటో దిగి, వదిలేసే సరదా ఇక్కడిది కాదు. ఇక్కడ గాలం వేసేది కూర కోసం. అయినా వదలాల్సిన సందర్భాలు తరచూ వస్తాయి. మత్స్యకార సహకార సంఘాలు కౌలుకు తీసుకున్న చెరువుల్లో వేసిన బొచ్చె, శీలావతి పిల్లలు గాలానికి తగులుతాయి. వానాకాలంలో కడుపు నిండా గుడ్లున్న చేప పడుతుంది. పిల్లల్ని కాస్తున్న కొర్రమీను పడుతుంది. నలుగురు తినే ఇంటికి ఆరు చేపలు చాలినప్పుడు ఏడోది పడుతుంది. ఇలాంటి చేపను వదిలేయాలన్న మంచి బుద్ధి ఊళ్లలో ఉంది. ఎలా వదలాలన్నదే ఎవరూ నేర్పలేదు.

ఈ తీరపు చేపల మీద మొదట శ్రద్ధ పెట్టిన శాస్త్రజ్ఞుల్లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఒకడు. విశాఖపట్నంలో ఉండి రెండు వందల చేపల బొమ్మలు, వివరాలు సేకరించాడు. 1803లో పుస్తకంగా అచ్చయిన ఆ సేకరణలో ఇక్కడి జనం చెప్పిన పేర్లను వినబడినట్టే రాసుకున్నాడు. మన 'వాలుగ' ఆ దారినే శాస్త్రలోకానికి చేరి, ఈ రోజు ప్రపంచమంతా ఆ చేప జాతిని 'వల్లాగో' అని పిలుస్తోంది. రెండు శతాబ్దాల కిందటే చేపకు పేరిచ్చిన నేల ఇది. దాన్ని పట్టుకునే తీరులో కూడా ఈ నేల నలుగురికి దారి చూపగలదు.

కదిలిపోతున్న రైలు, ఆడని ఊపిరి

బొచ్చెను ముక్కలు కోసే ఇల్లాలికి తెలిసిన సంగతితో మొదలుపెట్టొచ్చు. ముక్కలో కండంతా తెల్లగా ఉన్నా, చర్మం కిందుగా పక్క పొడవునా ముదురు రంగు చార ఒకటి ఉంటుంది. ఆ ముదురు కండ నిలకడ పనికి పుట్టింది. రోజంతా మెల్లగా ఈదడానికి చేప దాన్నే వాడుతుంది. రక్తం తెచ్చే ఆక్సిజన్‌తో నడుస్తుంది కాబట్టి అలసట తెలియదు. తెల్ల కండ అవసరం పడినప్పటి కండ. వాలుగ మీదికి వచ్చినప్పుడు, కొంగ ముక్కు పొడిచినప్పుడు, గాలం గుచ్చుకున్నప్పుడు ఒక్క ఉదుటున తప్పించుకోవడానికి పనికొస్తుంది. అంత వేగానికి రక్తం తెచ్చే ఆక్సిజన్ చాలదు. కండలో దాచుకున్న చక్కెరను ఆక్సిజన్ లేకుండానే మండించుకుంటుంది.

దాని ఖర్చు తర్వాత తెలుస్తుంది. కండలో, రక్తంలో పులుపు పేరుకుంటుంది. శాస్త్రజ్ఞులు ల్యాక్టిక్ ఆమ్లం అనేది ఇందులో భాగమే. పలాస స్టేషన్‌లో కదిలిపోతున్న రైలు వెంట, సంచి భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగెత్తినవాడిని తలచుకోండి. డబ్బా ఎక్కాక పది నిమిషాలు మాట రాదు. గాలానికి చిక్కి పెనుగులాడిన చేపది అదే పరిస్థితి. తేడా ఏమిటంటే మనిషి పది నిమిషాల్లో తేరుకుంటాడు, బాగా అలసిన చేప రక్తం మామూలు స్థితికి రావడానికి గంటలు పడుతుంది. బయటికి ఏ గాయమూ లేని చేప ఒట్టి అలసటతోనే కొన్ని గంటల తర్వాత చనిపోవచ్చని ప్రయోగశాలల్లో 1980లలోనే చూశారు. 'ఈదుకుంటూ వెళ్లిపోయింది కదా' అన్న మాట నమ్మదగినది కాకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఈ విషయంలో మన వెదురు కర్రకు మార్కులు వేయాల్సిందే. రీలుతో, సన్నని దారంతో పట్టేవాళ్లు చేపను నిమిషాల తరబడి ఆడించి, అలసిపోయాక ఒడ్డుకు లాగుతారు. వదిలేయాల్సిన చేపకు అది పెద్ద శిక్ష. కర్రకు కట్టిన గట్టి దారం మూడు నాలుగు క్షణాల్లో చేపను పైకి తెస్తుంది. అలసట తక్కువ. అయితే అదే కర్ర చేసే కీడూ ఒకటుంది. చేపను గాలిలో ఎగరేసి నేలకు కొడుతుంది. నీళ్లలో చేప ఒంటి బరువును నీరే మోస్తుంది. గాలానికి వేలాడినప్పుడు మొత్తం బరువు దవడ మీద పడుతుంది, లోపలి అవయవాలు కిందికి జారతాయి. కర్ర అదే ఉంచి, చివరి విసురు మానేసి, దారం పట్టుకుని నీళ్లలోనే చేపను దగ్గరికి లాక్కుంటే ఈ పద్ధతిని మించింది లేదు.

తడిసిన జుట్టులాంటి మొప్పలు

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న. 30 డిగ్రీల వెచ్చటి చెరువు నీళ్లు లీటరు తీసుకుంటే అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు. లీటరు గాలిలో దాదాపు 280 మిల్లీగ్రాములు ఉంటుంది. మరి అంత ఆక్సిజన్ ఉన్న గాలిలోకి తెస్తే చేపకు ఊపిరి ఎందుకు ఆడదు?

చెరువులో మునిగిన ఆడపిల్ల జడ విప్పుకుంటే జుట్టు నీళ్లలో విచ్చుకుని, పోగు పోగు విడిపోయి తేలుతుంది. పైకి లేవగానే అంతా అట్టకట్టి వీపుకు అంటుకుంటుంది. మొప్పలు అచ్చం అంతే. మొప్ప రేకు కింద దువ్వెన పళ్లలా వరసలు, ఒక్కో వరస మీద కంటికి ఆనని సన్నని పొరలు. నీళ్లలో అవి విచ్చుకుని ఉంటాయి. ప్రతి పొరకూ నీరు తగులుతుంది, పొర లోపలి రక్తం ఆ నీళ్లలో ఆక్సిజన్‌ను ఒడిసి పడుతుంది. పైగా నీరు ఒక వైపుకు, రక్తం దానికి ఎదురుగా పారుతాయి. ఈ ఎదురు పారుదల వల్ల నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని చేప లాక్కోగలదు. నీళ్ల బయటికి రాగానే పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. చుట్టూ గాలి ఉన్నా అది తగిలే జాగా ఉండదు.

రైలు వెంట పరుగెత్తి రొప్పుతున్న మనిషి ముక్కూ నోరూ అప్పుడే ఎవరో గట్టిగా మూసేస్తే ఎలా ఉంటుందో, గాలం తీసేదాకా చేపను పైకెత్తి పట్టుకుంటే దానికి అలా ఉంటుంది.

దీన్ని కొలిచిన ప్రయోగం ఒకటుంది. కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1992లో ప్రకటించారు. రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని బాగా అలసిపోయేదాకా ఈదించి, కొన్నిటిని అలాగే నీళ్లలో వదిలారు. కొన్నిటిని 30 సెకన్లు, కొన్నిటిని 60 సెకన్లు నీళ్ల బయట ఉంచి వదిలారు. 12 గంటల తర్వాత చూస్తే, అసలు బయటికి తీయని చేపల్లో నూటికి 88 బతికాయి. అర నిమిషం గాలిలో ఉన్నవాటిలో 62. నిమిషం ఉన్నవాటిలో 28. ట్రౌట్ చల్లనీళ్ల చేప, మన బొచ్చె దానంత సుకుమారం కాదు, కాబట్టి ఈ అంకెల్ని ఉన్నవున్నట్టు మన చెరువుకు అంటించకూడదు. కానీ అర నిమిషానికీ నిమిషానికీ మధ్య ఉన్న అంతరం మాత్రం ఒళ్లు జలదరించేలా ఉంది. సెల్‌ఫోన్ జేబులోంచి తీసి, కెమెరా తెరిచి, ఇద్దరు స్నేహితుల్ని పక్కకు జరగమని చెప్పి ఒక ఫొటో తీయడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోండి.

గాలం తీయడం మొదలుపెట్టినప్పుడు మనమూ ఊపిరి బిగబట్టాలి. మనకు ఉక్కిరిబిక్కిరి అయిందంటే చేపకు ఎప్పుడో అయిందన్నమాట, వెంటనే నీళ్లలో ముంచాలి. గడియారం అక్కర్లేని కొలత ఇది.

వేసవిలో కష్టం రెట్టింపు. నీరు వేడెక్కేకొద్దీ దానిలో ఆక్సిజన్ పట్టే చోటు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములున్నది 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. అదే వేడికి చేప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం. మే నెలలో చెరువు అడుగంటి నాచు పట్టాక తెల్లవారుజామున పరిస్థితి మరీ ఘోరం. పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేసిన నాచే రాత్రంతా దాన్ని వాడుకుంటుంది. సూర్యుడు వచ్చే వేళకు నీళ్లలో దాదాపు ఏమీ మిగలదు. చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం చెరువు కావలి కాసేవాళ్లందరూ చూసిన దృశ్యమే. తెల్లవారితే ఆక్సిజన్ లేదు, మధ్యాహ్నమైతే నీళ్లు సలసలమంటాయి. ఆ నెలన్నర రోజులు 'పట్టి వదిలేద్దాం' అనే ఆలోచనే పెట్టుకోకూడదు. తినడానికైతే పట్టాలి, లేదంటే కర్రను అటక మీద పెట్టాలి.

జీడిపప్పు పొట్టుకన్నా పలచన

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల చేతుల్ని చూసినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. జీడిగింజ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే గింజ కొట్టేవాళ్లు చేతులకు నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. కంటికి ఆనని ఆ పూతే చేతిని కాపాడుతుంది. చేప ఒంటి మీద జిగట కూడా అలాంటి పూతే, కాకపోతే ఒళ్లే తయారుచేసుకున్నది. నీళ్లలో తిరిగే సూక్ష్మజీవుల్ని అది పట్టి ఉంచుతుంది, వాటిని చంపే పదార్థాలు దానిలో ఉంటాయి. పాత జిగట జారిపోతూ, కొత్తది ఊరుతూ ఉంటుంది.

దాని కింద ఉన్నది ఇంకా సుకుమారం. మనిషి చర్మంలో పైపొర చచ్చిన కణాలతో తయారైన తొడుగు. గీసుకున్నా నొప్పి తెలియదు. చేపకు అలాంటి తొడుగు లేదు. పొలుసుల మీదుగా కప్పి ఉన్న పైపొర అంతా బతికున్న కణాలే. మనకు గట్టి కవచంలా కనబడే పొలుసు నిజానికి ఆ పొర అడుగున ఉంటుంది. కాల్చి ఆరబెట్టిన జీడిపప్పు మీద ఎర్ర పొట్టు చూడండి, వేలితో ఇలా రాస్తే అలా ఊడి వచ్చేస్తుంది. పొడి చెయ్యి, పొడి తువ్వాలు, గోనె పట్టా, గట్టు మీది ఇసుక... ఏది తగిలినా చేప పైపొర అలాగే లేస్తుంది. అరచేతికి అంటిన జిగటను లుంగీకి తుడుచుకుంటాం, చేప ఒంటి నుంచి ఏం పోయిందో గమనించం.

పోయినచోట ఏం జరుగుతుందో చెప్పడానికి మన చెరువులే సాక్ష్యం. కొర్రమీను, పరిగె, గొరకల ఒళ్లంతా ఎర్రటి పుండ్లు పడి, కండ ఊడి, గుంపులు గుంపులుగా చచ్చి తేలిన రోజులు ఊళ్లలో పెద్దవాళ్లకు గుర్తే. ఆ పుండ్ల తెగులు 1971లో జపాన్‌లో మొదట కనబడింది. 1988లో మన ఈశాన్య రాష్ట్రాల్లోకి వచ్చి, కొద్ది ఏళ్లలో దేశమంతా పాకింది. దానికి కారణం అఫనోమైసిస్ అనే నీటి బూజు. దాని విత్తనాల్లాంటి కణాలు నీళ్లలో ఈదుతూ, చర్మం చెదిరిన చోటు దొరికితే అక్కడ నాటుకుంటాయి. వానలు వెనకబట్టి నీళ్లు చల్లబడే కాలంలో దీని ఉద్ధృతి ఎక్కువ. అంటే చేతి రాపిడికి లేచిన చిన్న చెక్కు, ఆ ఒక్క చేపకే కాదు, చెరువు మొత్తానికి ముప్పు తెచ్చే తలుపు కావచ్చు.

కాబట్టి చేపను తాకే ముందు చేతులు తడుపుకోవాలి, అదీ ఆ చెరువు నీళ్లతోనే. వీలైతే ఒడ్డునే లోతు లేని నీళ్లలో ఉంచి గాలం తీయాలి. నేల మీద పెట్టక తప్పదనుకుంటే ఉద్దానంలో దొరకని వస్తువేమీ అక్కర్లేదు, నీళ్లలో ముంచిన అరటాకు చాలు. నున్నగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, జిగటను పీల్చుకోదు. ముడులున్న నైలాన్ వలకన్నా ఆకు వెయ్యి రెట్లు నయం.

పట్టుకునే తీరు కూడా చెప్పుకోవాలి. ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకొక చెయ్యి పొట్ట కింద, పడుకోబెట్టి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. పొట్ట నొక్కకూడదు. మొప్పల్లోకి వేలు దూర్చడం, తాటినార గుచ్చి వేలాడదీయడం కూరకు తీసుకెళ్లే చేపకు సరే, వదలాల్సిన చేపకు అది ఊపిరితిత్తుల్లో చెయ్యి పెట్టడంతో సమానం.

గొంతు దిగిన గాలం

2005లో బార్తలోమ్యూ, బాన్‌సాక్ అనే పరిశోధకులు ప్రపంచంలో అప్పటిదాకా వచ్చిన 274 పరిశీలనల ఫలితాల్ని ఒకచోట చేర్చి చూశారు. పట్టి వదిలిన చేపల్లో చనిపోయేవి సగటున నూటికి 18 అని తేలింది. కొన్ని జాతుల్లో దాదాపు ఏదీ చావదు, కొన్నిటిలో సగానికి పైగా చస్తాయి. ఈ తేడాకు అన్నిటికంటే పెద్ద కారణం గాలం ఎక్కడ గుచ్చుకుందన్నది. పెదవికైతే దాదాపు భయం లేదు. గొంతులోకో, మొప్పల్లోకో, కడుపులోకో దిగితే ఆశ తక్కువ.

ఎర్ర గుచ్చి, బెండు చూడకుండా కబుర్లలో పడ్డవాడి గాలమే గొంతులోకి దిగుతుంది. చేపకు మింగడానికి సమయం దొరికింది కాబట్టి. బెండు మీద కన్ను పెట్టి, మునగగానే లాగేవాడి గాలం చాలావరకు పెదవికే తగులుతుంది. ఇక్కడి పిల్లల ఏకాగ్రత చేపకు మేలు చేస్తోందన్నమాట.

మింగేసిన గాలాన్ని ఏం చేయాలి? పుల్ల దూర్చి, తిప్పి, లాగి ఎలాగోలా బయటికి తీయడమే ఊళ్లలో అలవాటు. గాలం విలువైంది కదా. కానీ చేపను బతికించాలంటే దారాన్ని నోటి దగ్గర కోసి, గాలాన్ని లోపలే వదిలేయడం మేలు. వినడానికి వింతగా ఉన్నా పరిశోధనలు చెప్పేది ఇదే. లాగితే మొప్పలు, గుండె దగ్గరి రక్తనాళాలు చీలతాయి. వదిలేస్తే మామూలు ఇనుప గాలం తుప్పు పట్టి, వదులై, చాలా చేపల్లో కొన్ని రోజుల్లోనో వారాల్లోనో దానంతటదే బయటికి వచ్చేస్తుంది. రెండు రూపాయల గాలం, మూడు కిలోలు పెరగగల చేప. ఏది వదులుకోవాలో తేలికగానే తేలుతుంది.

గాలం మొనకు వెనక్కి తిరిగిన ఎదురుముల్లు ఉంటుంది. లోపలికి వెళ్లిన మొన జారిపోకుండా పట్టేది అదే, బయటికి తీసేటప్పుడు కండను చీల్చేదీ అదే. కటింగ్ ప్లేయర్‌తో ఆ ముల్లును ఒక్క నొక్కు నొక్కి చదును చేస్తే, దారం బిగువుగా ఉన్నంతసేపు చేప జారదు, తీసేటప్పుడు క్షణంలో వస్తుంది. కుర్రాడి వేలికి గుచ్చుకున్నా ఆసుపత్రికి పరుగెత్తకుండా తీసేయొచ్చు. ఒక్క ఈ కారణానికైనా పిల్లలకిచ్చే ప్రతి గాలానికీ ఆ నొక్కు పడాలి.

కొర్రమీను లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పింది బొచ్చె, శీలావతి, పరిగెల సంగతి. సంతలో తపేలాడు నీళ్లలో గంటల తరబడి కదులుతూ ఉండే కొర్రమీనును చూసినవాళ్లకు ఒక సందేహం రావాలి. దానికి గాలి ఆడుతోంది కదా?

ఆడుతుంది. మొప్పల పైన కపాలంలో దానికి గాలి నింపుకునే అరలున్నాయి. గొరకకు, మార్పుకు, ఇంగ్లీకానికి కూడా ఒక్కోదానికి ఒక్కో రకం ఏర్పాటు ఉంది. ఎండే తంపరల్లో, బురద గుంటల్లో బతకడానికి తరతరాలుగా సంపాదించుకున్న ఆస్తి అది. గొరక ఒకటి తాటిచెట్టు మొదలు మీదికి పాకుతుండగా తరంగంబాడిలో తాను చూశానని దాల్డార్ఫ్ అనే డేనిష్ కంపెనీ అధికారి 1797లో రాశాడు. చెట్టెక్కే మాట తర్వాతివాళ్లు నమ్మలేదు గానీ, తడి గడ్డిలో చెరువు నుంచి చెరువుకు పాకిపోయే మాట నిజం.

కొర్రమీను మొప్పలు ఒక్కటే దానికి చాలవు. మధ్య మధ్య పైకి వచ్చి గాలి మింగాల్సిందే. 'చేప కదా' అని వలసంచిలో పెట్టి అడుగున ముంచి ఉంచితే కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. బొచ్చెను కాపాడే పద్ధతి కొర్రమీనును చంపుతుంది. నిలవ ఉంచాల్సి వస్తే బకెట్టులో సగం నీళ్లు, పైన సగం గాలి, మీద మూత.

గాలి ఆడినంత మాత్రాన దాని చర్మం ఇనుము కాదు. పుండ్ల తెగులుకు అన్నిటికంటే ఎక్కువగా బలైన చేపల్లో కొర్రమీను ఒకటి. తడి చెయ్యి నియమం దానికీ వర్తిస్తుంది.

అసలు కొర్రమీను దగ్గర ప్రశ్న వేరే ఉంది. వానాకాలంలో చెరువు అంచున, తూటికాడల మధ్య ఎర్రటి పిల్లలు పిడికెడు కుంకుమ చల్లినట్టు ఒకచోట గుంపుగా తిరుగుతుంటాయి. వాటి కిందుగా, కనబడకుండా, తల్లో తండ్రో కాపలా ఉంటుంది. దగ్గరికి వచ్చిన దేన్నైనా కొడుతుంది. ఈ కోపం తెలిసినవాళ్లు కప్పను గాలానికి గుచ్చి, ఆ ఎర్ర మచ్చ మీద ఆడిస్తారు. చేప ఆకలితో పట్టదు, పిల్లల మీద ప్రేమతో పడుతుంది. దాన్ని పైకి తీసిన మరుక్షణం పరిగెలు, జెల్లలు, నీటి పురుగులు పిల్లల మీద పడతాయి. ఉత్తర అమెరికాలో గూడు కాచే బాస్ చేపల మీద ఇలాంటి పరిశోధనే జరిగింది. కాపలా చేపను పట్టి వదిలినా, అది తిరిగి గూడు చేరేలోపు గుడ్లూ పిల్లలూ నష్టపోయాయి. అలసిపోయిన కొన్ని చేపలు కాపలానే వదిలేశాయి. కొర్రమీను విషయంలో ఎర్ర గుంపు కనబడిన చోట గాలం వేయకపోవడం ఒక్కటే సరైన పద్ధతి.

ఇంగ్లీకం పడితే జాగ్రత్త పడాల్సింది మనిషి. రెక్క ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యి భుజం దాకా సలుపుతుంది. దాన్ని చేత్తో పట్టకుండా నీళ్లలోనే ఉంచి, గాలాన్ని ప్లేయర్‌తో తిప్పి వదిలించాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ఉంచడం నొప్పిని తగ్గిస్తుంది.

వదలకూడని చేపలూ ఉన్నాయి. చాలాచోట్ల చైనా గొరక అని పిలిచే తిలాపియా, ప్రభుత్వం పెంపకాన్ని నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఈ నీళ్లకు పరాయివి. మొదటిది గుంపులుగా పెరిగి మిగతావాటి మేత తినేస్తుంది, రెండోది వాటినే తినేస్తుంది. అవి గాలానికి పడితే తిరిగి చెరువులో వేయడం దయ కాదు. కూరకే.

కావేరి నుంచి ఒక కబురు, చివరి పది అడుగులు

ఇంత శ్రమపడి వదిలితే లాభం ఏమిటని అడిగేవారికి కావేరి ఒడ్డు నుంచి ఒక జవాబుంది. కర్ణాటకలో గలిబోరె దగ్గర మహసీర్ చేపలు పట్టి వదిలే శిబిరం ఉండేది. వచ్చినవాళ్లు ఏ రోజు ఏ చేప పట్టారో, ఎంత బరువుందో పుస్తకంలో రాసేవారు. రక్షిత అడవుల్లో గాలం వేయడాన్ని ఆపేయడంతో 2012లో అది ముగిసింది. 1998 నుంచి అప్పటిదాకా పోగైన ఆ రాతల్ని 2015లో పరిశోధకులు విప్పి చూస్తే గుండె గుభేలుమంది. బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ పెరిగిపోయింది. కావేరికి మాత్రమే సొంతమైన మూపురపు మహసీర్ తరిగిపోయింది. 2018లో అది అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాకెక్కింది. వదిలిన చేపల లెక్క లేకపోతే ఆ సంగతి ఎవరి కంటా పడేది కాదు. మహేంద్రతనయలో ఏ చేప తగ్గుతోందో, బీలలో ఏది మాయమైందో చెప్పగల పుస్తకం ఇక్కడ ఏ ఊళ్లోనూ లేదు. బడి పిల్లల నోటు పుస్తకంతో మొదలుపెట్టగల పని.

మళ్లీ చెరువు గట్టుకు వద్దాం. గాలం తీశాక చేపను విసిరేయడం, ఇంతసేపు చేసిన పనంతా పాడుచేయడమే. అలసి, మొప్పలు అతుక్కుని, దిక్కు తెలియకుండా ఉన్న చేప పైనే తేలుతుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా శీతకాలానికి గూళ్లు కట్టే గూడబాతులు, రంగుకొంగలు తంపరల మీద వేటాడేది సరిగ్గా ఇలాంటి చేపల కోసమే. నీరుకాకులైతే ఏడాది పొడవునా ఉంటాయి. పక్షికి మేత దొరకడంలో తప్పు లేదు, కాకపోతే వదిలినవాడు అనుకున్నది అది కాదు.

మోకాలి లోతుకు దిగాలి. మదుము దగ్గర నీరు పారుతుంటే చేప తల నీటికి ఎదురుగా ఉండేలా పట్టుకోవాలి. నోట్లోంచి వెళ్లిన నీరు మొప్పల్లోంచి బయటికి రావాలి కాబట్టి దాన్ని ముందుకూ వెనక్కూ ఊపకూడదు. వెనక్కి లాగిన ప్రతిసారీ నీరు తప్పుదారిన పోతుంది. నిలవ నీళ్లయితే మెల్లగా ముందుకే నడిపించాలి. గుప్పిట మూయకూడదు. అరచెయ్యి దానికి పీట మాత్రమే.

కుర్రాడు లాగు పైకి మడుచుకుని దిగుతాడు. చేతులు తడుపుకుంటాడు. అరచేతి పొడవు కూడా లేని బొచ్చె పిల్ల వాడి వేళ్ల మీద పడుకుని ఉంటుంది. మొదట మొప్ప రేకు ఒకవైపే కదులుతుంది. తర్వాత రెండూ కదులుతాయి, తెరుచుకుంటూ, మూసుకుంటూ, ఒకే వరసలో. పక్కకు ఒరిగిన ఒళ్లు నిటారుగా నిలబడుతుంది. వాడు చెయ్యి తీయడు, కదపడు. ఉన్నట్టుండి తోక వాడి మణికట్టును తాకుతుంది. బురద చిన్న మబ్బులా లేచి, అణిగేసరికి చేతిలో నీళ్లే ఉంటాయి.